లైట్‌హౌసు మెట్ల మీద మార్తా

ఆ రోజు ఇంట్లో మామయ్య, అత్తయ్య, వంటామె మిసెస్ పగ్, పల్లె నుంచి వచ్చి వాళ్ళ దగ్గరే ఉంటున్న నేను ఉన్నాం. భోజనాలయ్యాక నాటకశాల యజమాని గాడ్స్‌బీ గారు వచ్చారు. ఆయన కోసమే అత్తయ్య పొద్దుటి నుంచి కేకు చేయించడం, కర్టెన్లు దులపడం.

మామయ్య రాసిన నాటకం ఆడితే ఒకప్పుడు లాంబెత్ పేట నాటకశాలలో చవక టిక్కెట్ల గ్యాలరీ కిక్కిరిసిపోయేదట. జనం దుర్మార్గుడి మీదికి నారింజ తొక్కలు విసిరేవారట. కిందటేడు ఆడిన రెండూ వారం తిరక్కుండానే తీసేశారు. ఇవాళ చదివి వినిపించబోయే కొత్త నాటకం కూడా గాడ్స్‌బీ గారు వద్దంటే మామయ్య సోమవారం నుంచి సబ్బుల కంపెనీలో గుమాస్తాగా చేరాల్సిందేనని అత్తయ్య తేల్చి చెప్పింది.

నన్ను మూలన స్టూలు మీద కూర్చోబెట్టారు. మా ఊరి బళ్ళో టీచరు పేరు పిలిచినా నాకు గొంతు పెగిలేది కాదు, చెప్పాలనుకున్నదంతా డైరీలో రాసుకునేదాన్ని. నా వల్ల ఏ గొడవా ఉండదని, ఈ పిల్లకి నోట్లో నాలుకే లేదని, అత్తయ్య ఆయనకి ముందే చెప్పింది.

మామయ్య చదవడం మొదలుపెట్టాడు. చదవడమేమిటి, ముసలివాడి మాటలొస్తే దగ్గాడు, గాలి వీచాలంటే తనే ఈల వేశాడు. గుమ్మంలో నిలబడ్డ మిసెస్ పగ్ కళ్ళొత్తుకుని ముక్కు చీదుకుంది. గాడ్స్‌బీ గారు మాత్రం కేకు తిని కళ్ళు మూసుకున్నారు. మామయ్య గొంతు ఇంకాస్త పెంచి తర్వాతి కాగితం తిప్పాడు.

మూడో అంకం. సముద్రంలో తుఫాను. లైట్‌హౌసులో దీపం ఆరిపోయింది. మార్తా మొగుడి పడవ రాళ్ళ వైపే వస్తోంది. దీపం వెలిగిద్దామని ఆమె చీకట్లో తడుముకుంటూ మెట్లెక్కుతోంది. ఆ దీపాన్ని ఆర్పిన దుర్మార్గుడు సర్ రూపర్ట్ పైన తలుపు వెనక దుడ్డుకర్ర ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. మార్తా గడియ మీద చెయ్యి వేసింది.

"తియ్యకే మార్తా! తలుపు వెనకే ఉన్నాడు వాడు!"

అరిచింది నేనే. ఎప్పుడు లేచానో తెలీదు, స్టూలు బోర్లా పడి ఉంది.

గాడ్స్‌బీ గారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచారు. పల్లెటూరి పిల్ల, ఏమనుకోకండి అంటూ అత్తయ్య ఏదో సర్దబోయింది.

"ఆగండమ్మా. నోట్లో నాలుక లేని పిల్ల ఇదేనా?" అని ఆయన మామయ్య వైపు తిరిగారు. "థ్రెల్‌ఫాల్, ఈ నాటకం నేనే ఆడిస్తా. ఈ పిల్లే ఇట్లా అరిస్తే, ఇక జనం అరుపులకి నా గ్యాలరీ కప్పు ఎగిరిపోతుంది. మొదటి రోజు దీన్ని ముందు వరసలో కూర్చోబెట్టు. ఒక్క షరతు. అప్పటిదాకా మిగతా కథ దీని చెవిన పడకూడదు."

మామయ్య నన్ను గుమ్మం దాకా నడిపించాడు. మొహం వెలిగిపోతోంది.

"మార్తా తలుపు తీస్తుందా మామయ్యా? అదొక్కటీ చెప్పు," అని బతిమాలాను.

"పోయి నీ డైరీ రాసుకో తల్లీ," అని మామయ్య నా మొహం మీదే తలుపు వేసేశాడు.