యాభైకి యాభై

పురానాపూల్ దగ్గర రఘునాథ్ పూల దుకాణంలో మూరకు నాలుగు వేళ్ల కొసరు తప్పనిసరి. కొసరు వేసిన చెయ్యి నష్టపోదని అతని లెక్క. ఇరవై ఏళ్లలో ఆ లెక్క తప్పలేదు. కూతురు అనన్య పరుగు పందాల్లో దిగినప్పుడూ అదే చెప్పాడు.

"బిడ్డా, కోచ్ పది చుట్లంటే నువ్వు పదకొండు కొట్టు. గా పైనదే మనది."

అనన్య కొట్టింది. మోకాలి కింద నొప్పి మొదలైనా కొట్టింది.

ఒకరోజు మైదానంలో పిల్లలందరికీ ఒక కాగితం ఇచ్చారు. 'చిన్న తప్పు జరిగినా నా శ్రమంతా వృథా అనిపిస్తుంది', 'చెప్పినదానికన్నా ఎక్కువ చేయకపోతే నాకు తృప్తి ఉండదు' లాంటి పది వాక్యాలు. ఎంత నిజమో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయాలి. అనన్య అన్నింటికీ ఐదే వేసిందని వినగానే రఘునాథ్ పక్క కొట్టు ప్రేమ్‌రాజ్‌కు మిఠాయి పెట్టాడు.

"ఏంది భాయ్, ఏం ఖుషీ?"

"యాభైకి యాభై తెచ్చింది నా బిడ్డ!"

"నీ బిడ్డయ్యుండి కొసరు మార్కు తేలేదా?"

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

మర్నాడు పరుగు మధ్యలో అనన్య కూలబడింది. కాలి ఎముక చిట్లింది. మైదానంలో ఆ కాగితం ఇచ్చిన సైకాలజిస్టు రాగసుధ ఆస్పత్రి వరండాలో కనబడింది.

"మేడం, ఫుల్ మార్కులొచ్చిన పిల్లకు గిట్లయిందేంది?"

"అవి మార్కులు కావండీ. మీ అమ్మాయి తనని తాను ఎంత నలిపేసుకుంటోందో కొలిచే కాగితం అది. యాభై చూసి భయమేసింది. ఇవాళే మిమ్మల్ని పిలిపిద్దామనుకున్నాను."

కొలత తప్పితే మళ్లీ కొలవొచ్చు. కొలతనే తలకిందులుగా చదివి మిఠాయి పంచినవాడు ఏం చేయాలి?

రెండు నెలలకు కట్టు విప్పారు. ఈసారి అంకె తగ్గితేనే మైదానంలోకి రానిస్తానన్నాడు కోచ్. అనన్య దుకాణంలో కూర్చుని అదే కాగితం ముందేసుకుంది.

"బాపు, తక్కువొస్తేనే మంచిదంట గదా?"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. మనసుల ఉన్నదే రాయి."

"అన్నిట్ల ఒకటే ఏసిన. ఒక్కటి గూడ తప్పు పోనియ్యలే." కాగితం తిప్పి చూసింది. "ఎనక ఖాళీ జాగ ఉంది బాపు. ఇంకేమన్న రాయాల్నా?"

రఘునాథ్ అప్పుడే ఒకామెకు మూర మల్లెలు కొలిచాడు. కొసరుకు వేళ్లు చాచబోయి ఆగిపోయాడు.


"ఏందన్నా, గంతేనా?" అంది ఆమె.