నలిగిన నూనె డబ్బా

ఎమ్మిగనూరు దగ్గరి ఆ పల్లె బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఇద్దరు ఆడవాళ్లు, హులిగమ్మ, సుంకులమ్మ. పదేళ్లుగా ఒకే పొయ్యి దగ్గర నిలబడినవాళ్లు పన్నెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. కారణం ఒక ఖాళీ నూనె డబ్బా.

హులిగమ్మ ఆ డబ్బాను ఇంటికి తీసుకుపోదామని దాచుకుంది. సలసల కాగే నీళ్లతో కడిగి, ఆ వేడి మీదే మూత బిగించి, వంటగది వెనక పెట్టి వడ్డనకు పోయింది. తిరిగొచ్చేసరికి డబ్బా నాలుగు పక్కలా లోపలికి నలిగి ఉంది. ఆ వేళ అక్కడ గిన్నెలు తోముతున్నది సుంకులమ్మ ఒక్కతే. ముందురోజే ఆమె ఆ డబ్బా తనకిమ్మని అడిగితే హులిగమ్మ ఇవ్వనంది. ఇంక అనుమానానికి ఏం తక్కువ?

"నీకు ఈలేదని తొక్కినావు గదా?"

"ముట్టుకునింటే నా సేతులు పడిపోనీ అక్కా."

హులిగమ్మ నమ్మలేదు. ఆనాటినుంచి సుంకులమ్మ పప్పులో ఉప్పు వేసినా, వెనకే వెళ్లి రుచి చూసేది.

ఆ శుక్రవారం, ఆదోని నుంచి బస్సులో వచ్చే సైన్సు టీచరు ముస్రత్ వంటగదిలోకొచ్చి ఖాళీ నూనె డబ్బా అడిగింది.

"దేనికి మేడమ్?" హులిగమ్మ కళ్లు చిట్లించింది. సుంకులమ్మ ఏదో చాడీ చెప్పే ఉంటుందనుకుని, డబ్బా వెంటే వరండాలోకి పోయి నిలబడింది.

టీచరు పిల్లల ముందు ఆ డబ్బాలో గ్లాసెడు నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టింది. ఆవిరి బుసబుసా పొంగాక దించి, గుడ్డతో పట్టుకుని మూత బిగించి, పైన చన్నీళ్లు గుమ్మరించింది. ఎవరో పిడికిట్లో పిసికినట్టు డబ్బా ఫెళఫెళా నలిగింది. పిల్లలు కేకలు పెట్టారు.

"అది పల్సటి డబ్బా. ఇంగొకటి నేను తెస్తా. మూత గూడా నేనే బిగిస్తా" అంది హులిగమ్మ.

అదీ నలిగింది, ఆమె కళ్లెదుటే.

"ఎవరు తొక్కినారు మేడమ్ దీన్ని?"

"గాలి, అక్కా. ఆవిరి లోపలి గాలిని తరిమేసింది. సల్లబడినాక ఆ ఆవిరి నీళ్లయిపాయ. లోపల అడ్డుకునేది లేదు, బయటి గాలి నొక్కేసింది."

"మరి మనల్ని నలపదేం?"

"మన లోపల్నుంచీ అంతే బలంగా ఎదురు నెడతాంటుంది."

హులిగమ్మ గొంతు తగ్గింది. "నీళ్లు పోయకుండా, దానంతట అదే సల్లారితే?"

"అయినా నలుగుతుంది. కొంచెం నిదానంగా."

హులిగమ్మ నలిగిన డబ్బా చేత పట్టుకుని వెనుదిరిగింది. వంటగదిలోకి పోతే సుంకులమ్మ వంకాయలు కోస్తోంది.

"నువ్వు తొక్కలేదు, సుంకులమ్మా. తప్పు నాదే."

సుంకులమ్మ తలెత్తలేదు. "నేను సెప్తే నమ్మలే. మేడమ్ సెప్తే నమ్మినావు."

 హులిగమ్మ ఆమె పక్కన కూర్చుని తానూ ఒక వంకాయ అందుకుంది. ఆ పూటంతా సుంకులమ్మ పలకలేదు. శనివారమూ అంతే.

సోమవారం పొద్దున బియ్యం ఏరుతూ ఆమే అడిగింది.

"ఆ గాలి సంగతేందో నాకూ సెప్పక్కా."