మోటారు కాల్చిన కోడలు

నేను ఒక నూతి మోటారును. ఆ పొద్దున నా కడుపులో చుక్క నీరు లేకుండా గిరగిరా తిరుగుతున్నానని తెలిసేసరికే నా ఒంట్లోంచి పొగ లేస్తోంది. ఇంటి కోడలు హైమ పరుగున వచ్చి స్విచ్ కట్టేసింది. లేకపోతే పాత ఇనుము కొట్టుకు పోయేదాన్ని.

నన్ను కొన్నది హైమ భర్త వీరభద్రం. నూతి లోతెంత, నీళ్ళెంత కిందున్నాయని దుకాణంవాడు అడిగితే, "రంగు బాగుంది, ఇదే ఇచ్చెయ్యండి" అన్నాడు. అదృష్టం కొద్దీ సరిపోయాను. మనుషులు పెళ్ళిసంబంధాలు కూడా ఇలాగే కుదుర్చుకుంటారట.

ఏళ్ళ తరబడి మేడమీది ట్యాంకు నింపాను. ఒక్కసారి పొగ రాగానే అంతా మరిచారు.

"స్విచ్చేసి ఫోను పట్టుకు కూచుంటే మోటార్లు మాడవా?" అత్త కనకరత్నం హైమ మీద విరుచుకుపడింది. "కొత్తది వచ్చిందాకా చేదుకో. తెలిసొస్తది!"

"రెండు హార్స్‌పవర్‌ది తెస్తాలే అమ్మా. ఇది చేతగానిది," అన్నాడు వీరభద్రం.

చేతగానిదట! నాకు అరికాళ్ళు లేవు గానీ, మంట మాత్రం నెత్తికెక్కింది.

హైమ అరిచేతులు బొబ్బలెక్కేదాకా చేదింది. మామ పిచ్చయ్య అరుగుమీద పేపరు మడిచిందే మడుస్తూ కూర్చున్నాడు. ఒక్కరూ లేవలేదు. నాకు నోరుంటే అందరినీ కడిగేసేదాన్ని.

చివరి బిందె హైమ నా గొంతులో పోసింది. నీళ్ళు నిలవకుండా కిందికి జారిపోయాయి. మరో బిందె చేది పోసింది. అదీ అంతే.

"తప్పు మోటారుది కాదండీ," అంది భర్తతో, పళ్ళు బిగించి. "అడుగున ఫుట్‌వాల్వు పోయింది. నీళ్ళు నిలవట్లా. ఎంత పెద్దది తెచ్చినా ఇట్టాగే మాడుద్ది. గొట్టం పైకి లాగండి, నా మీద పడటం తర్వాత!"

వీరభద్రం సణుగుతూనే లాగాడు. గొట్టం చివర, నీళ్ళు వెనక్కి జారకుండా పట్టి ఉంచే ఇత్తడి ఫుట్‌వాల్వు పగిలి ఉంది. దాని జల్లెడలో విరిగిన కొక్కెం ముక్క ఇరుక్కుపోయింది. నూతిలో పడిన బకెట్లు తీసే పాతాళభేది కొక్కెం అది. ఆ ఇంటి పాతాళభేది ఉండేది పిచ్చయ్య మంచం కింద.

హైమ ఆ ముక్క తెచ్చి మామ ఒళ్ళోని పేపరు మీద పెట్టింది.

"నేనేనమ్మా," అన్నాడాయన. "ఆపరేషనయ్యాక మీ అత్త నన్ను నూతి దరిదాపులకి పోనివ్వట్లేదుగా. చన్నీళ్ళు తోడి నెత్తిన పోసుకోవాలనిపించి, దొంగచాటుగా పోయా. బకెట్టు జారింది. పాతాళభేది ఏసి గాలిస్తే ఏదో తగులుకుంది. బకెట్టే అనుకుని బలంకొద్దీ లాగా. కొక్కెం ఇరిగింది. ఇందాక నిన్ను తిడతన్నప్పుడు చెబుదామనే నోరు తెరిచా. మీ అత్త నావైపు చూసింది. మూసేసుకున్నా."