పొట్లం కట్టే మనిషి

“నాకు యాడుండాది తీరుబాటు? నువ్వే చూసుకో,” అన్నాడు శరవణన్, ఇడ్లీ తుంచి కారప్పొడిలో అద్దుకుంటూ.

లోకేశ్వరికి ఆ మాట కొత్త కాదు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వినపడింది అదే. గ్యాసు అయిపోతే నువ్వే చూసుకో. పాప బడి నుంచి ఫారం వస్తే నువ్వే చూసుకో. అత్త అంబుజాన్ని గోరిమేడు పెద్దాసుపత్రికి తీసుకుపోయి వరసలో నిలబడి చీటీ రాయించాలంటే నువ్వే చూసుకో. పక్కనుంచి వినేవాళ్లకు, అబ్బో, పెళ్లాం మీద ఎంత నమ్మకమో అనిపిస్తుంది. ఆ మాట అనేసి లేచి చేతులు కడుక్కోవడం శరవణన్‌కు అలవాటు. ఈ సోమవారం కూడా అలాగే కడుక్కుని కాలేజీకి పోయాడు.

కాని ఈసారి చూసుకోవాల్సింది గ్యాసు సంగతి కాదు. బాబిన్ సంతకం గడువు శుక్రవారంతో తీరిపోతోంది.

బాబిన్ అనేది కుట్టుపని వాళ్లకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. కొలతలు ఇస్తే జాకెట్టుకో చొక్కాకో కటింగ్ గీసి చూపిస్తుంది. రాసింది పోర్చుగల్‌లో ఉండే దువార్తే అనే ముసలి దర్జీ. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. అయితే ఆయన రాసింది రాసినట్టే చేతికిస్తే మామూలు మనిషికి అక్కరకు రాదు. విండోస్‌కు ఒకలా, మాక్‌కు ఒకలా, లినక్స్‌లో రకానికొకలా కట్టి, కావలసిన సరంజామా అంతా లోపలే సర్ది, రెండుసార్లు నొక్కితే తెరుచుకునేలా చేసిపెట్టాలి. ఆ కట్టే పని తొమ్మిదేళ్లుగా లోకేశ్వరిది. కట్టాక చివర్న డిజిటల్ సంతకం పెట్టాలి. అది లేకపోతే, పంపినవాళ్లెవరో తెలియదు జాగ్రత్త అని విండోస్ కేకలు పెడుతుంది, సగం మంది భయపడి వెనక్కి పోతారు. సంతకం పెట్టే హక్కును ఒక సంస్థ ఏటేటా గుర్తింపు కార్డు చూసి ఇస్తుంది. ఇన్నేళ్లూ ఇచ్చింది శరవణన్ పేరు మీద.

దాని వెనుక పెద్ద కుట్రేమీ లేదు. పాప కడుపులో ఉన్నప్పుడు డాక్టరు మంచం దిగొద్దంది. చేస్తున్న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం లోకేశ్వరి అప్పుడే వదిలేసింది. మళ్లీ చేరొచ్చులే అన్నారు అందరూ, ఎప్పుడో మాత్రం ఎవరూ చెప్పలేదు. పాలిచ్చేందుకు వీలుగా జాకెట్టు ఎలా కత్తిరించాలో చూద్దామని బాబిన్ దించుకుంటే అది విండోస్‌లో తెరుచుకోలేదు. మంచంలో పడుకునే నాలుగు రోజులు దానితో కుస్తీపట్టి, తెరుచుకునేలా కట్టి, దువార్తేకు పంపింది. ల్యాప్‌టాప్ శరవణన్‌ది, అందులో తెరిచి ఉన్న ఖాతా శరవణన్‌ది. ‘మిస్టర్ శరవణన్, మిమ్మల్ని దేవుడే పంపాడు’ అని ఆయన జవాబు రాశాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు. తర్వాత సరిచేద్దాంలే అనుకుంది. తర్వాత పురుడు, పాప జ్వరాలు, మామగారి సంవత్సరీకం, అత్తకు షుగరు. ఆ నవ్వుకు తొమ్మిదేళ్లు నిండాయి.

పదకొండింటికి అంబుజం సీరియల్ ముందు కూర్చుంటే లోకేశ్వరి వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ తెరుస్తుంది. మాక్ పొట్లం తయారు కావడానికి నలభై నిమిషాలు, పప్పు ఉడికి సాంబారు దిగడానికీ అంతే. గోరిమేడు ఆసుపత్రి వరండాలో అత్త టోకెన్ పిలిచేలోగా ఒళ్లో పెట్టుకుని లినక్స్ పొట్లం ముగించిన రోజులున్నాయి. “మా కోడలికి యాడికి పోయినా ఆ పెట్టె కావాల. ఒక్క నిమిషం ఊరికే చుమ్మా ఉండలేదు,” అని అంబుజం పక్కన కూర్చున్న ఆమెతో అనేది. అందులో ఎగతాళి ఎంతో గొప్ప ఎంతో లోకేశ్వరికి ఇప్పటికీ తేలలేదు.

తను కట్టేదాన్ని పొట్లం అనుకోవడం ఆమెకు నామోషీ కాదు. వీరాంపట్టినంలో వాళ్ల నాన్న పురుషోత్తమన్‌కు కిరాణా కొట్టు ఉండేది. ఒకే కందిపప్పును ఇళ్లకు కాగితంలో, పడవ మీద పోయేవాళ్లకు తడవకుండా రెండు పొరల ప్లాస్టిక్కులో, తేరు పండగ హోటళ్లకు గోనెసంచిలో కట్టేవాళ్లు. పదేళ్లకే లోకేశ్వరి పురికొస చుట్టి పంటితో తెంచేది. “దావలో ఊడిపోతే తిట్టేది పప్పును కాదు పాపా, మనల్నే,” అనేవాడు నాన్న.

శరవణన్ నోట్లో మాత్రం ఆ మాట వేరేగా పలుకుతుంది. “రాసేదానికి గదా బుర్ర కావాల? ఇది పొట్లం కట్టేదే గదా,” అంటాడు ఇంట్లో. కాలేజీలో అది పొట్లం కాదు, ప్యాకేజింగ్. అతను ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. బాబిన్ పేజీలో ‘ప్యాకేజింగ్: శరవణన్, పుదుచ్చేరి’ అని ఉండడం ప్రిన్సిపాల్ అరుణాచలం కంటపడింది. శనివారం సభ పెట్టి శాలువా కప్పుతామన్నాడు. కొత్త బాబిన్‌ను అందరి ముందూ కంప్యూటర్‌లోకి ఎక్కించి చూపమన్నాడు. శరవణన్ అది నేను కాదు సార్ అనలేదు. “మనిద్దరం ఒకటే గదా లోకూ. నాకు కప్పితే నీకు కప్పినట్టే,” అన్నాడు ఇంటికొచ్చి. అతని ఉపన్యాసం కూడా లోకేశ్వరే రాసిపెట్టింది.

సభకు తనకూ కొత్త జాకెట్టు కావాలంది అంబుజం. బుధవారం ఆ గుడ్డ తీసుకుని లోకేశ్వరి కురుచికుప్పం పోయింది. వలలు ఆరేసిన సందు చివర ఒంటిగదిలో తేన్మొళి కుట్టుమిషను, దాని పక్కన ఎవరో నెట్ సెంటర్ మూసేస్తూ ఇచ్చేసిన పాత కంప్యూటరు. తెర మీద బాబిన్ తెరిచి ఉంది.

“మొన్న ఇది మారిస్తే ఈ పాత పెట్టెలో ఆడదేమోనని భయపడితిని అక్కా. ఆడతాండాది,” అంది తేన్మొళి, టేపు మెడలో వేసుకుంటూ. “ఎవరో శరవణనంట, మన ఊరాయనేనంట. ఆయన బాగుండాల. మాలాంటోళ్లని తలుచుకొని చేసినాడు చూడు.”

పాత విండోస్‌కు ఇక కట్టొద్దు, వాడేవాళ్లు ఎవరున్నారు అని దువార్తే అన్నప్పుడు, ఉన్నారు అని మూడు వారాలు పోట్లాడింది లోకేశ్వరి. పోట్లాడినన్నాళ్లూ ఆమె కళ్ల ముందున్నది ఈ గదే. నేనే అనడానికి నోరు తెరిచింది. ఇంతలో తేన్మొళి “హుక్కులు ముందరా, వెనకనా?” అని అడిగింది. “ముందరే,” అని వచ్చేసింది. స్కూటీ రెండు మలుపులు దాటాక గాని తప్పు దారి పట్టానని తెలియలేదు. ఏడుపు కాదు, ఒట్టి కోపమూ కాదు. ఇంటికొచ్చాక కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చింది, రసంలో రెండుసార్లు ఉప్పేసింది. ఒక దీవెన కోసమా ఇంత గోల అని తన మీద తనకే సిగ్గేసింది. అవును, దాని కోసమే. తొమ్మిదేళ్లలో ఈ పనికి ఎదురుగా నిలబడి ఒక మనిషి దీవించడం అదే మొదలు, అదీ శరవణన్ ఖాతాలోకి పోయింది. సిగ్గుపడినందుకు మళ్లీ ఒళ్లు మండింది.

గురువారం ఆ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ఈ ఏడాది కార్డు కాపీ ఒక్కటే చాలదు, మనిషి వీడియోలో కనపడి, కార్డు చెంప దగ్గర పట్టుకుని చూపాలి. లోకేశ్వరి కాలేజీకి ఫోను చేసింది.

“పది నిమిషాలు చాలు. మీ మొగం చూపియ్యాలంట.”

“మొగమా? ప్రిన్సిపాల్‌తో మీటింగు ఉండాది. నువ్వే చూసుకోరాదా?”

“అంటే నా మొగం చూపియ్యమంటారా?”

“ఏదో ఒకటి చెయ్యి. సీక్రం అయిపోవాల,” అని పెట్టేశాడు.

 హాల్లో సీరియల్లో ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు. లోకేశ్వరి వెళ్లి కుక్కరు కింద మంట తగ్గించింది, వచ్చి కొత్త దరఖాస్తు తెరిచింది. పేరు దగ్గర లోకేశ్వరి అని కొట్టింది. ఇంటిపేరు దగ్గర వదిలేస్తే ఎర్రగా వెలిగి, ఖాళీ కుదరదంది. ఈ పుదుచ్చేరిలో ఇంటిపేరు ఎవరు వాడతారు? ముందొక ఇనీషియల్, అంతే. పెళ్లికి ముందు నాన్నది పి, తర్వాత మొగుడిది ఎస్. ఆధార్‌లో మాత్రం ఏదీ లేకుండా లోకేశ్వరి అనే పడింది. మార్పిద్దామంటే శరవణన్ నువ్వే చూసుకో అన్నాడు, ఆ ఒక్కటీ ఆమె చూసుకోలేదు. ఇప్పుడు శరవణన్ అని కొట్టింది. చూసింది. తుడిచేసింది. పురుషోత్తమన్ అని కొట్టింది. నాన్న మంచివాడే, పొట్లం కట్టడం నేర్పిందీ ఆయనే. ఆయన పేరూ తుడిచేసింది. మళ్లీ లోకేశ్వరి అని కొడితే ఎరుపు పోయి దరఖాస్తు ముందుకు కదిలింది.

వీడియోలో ఎవరో కళ్లజోడు అమ్మాయి కార్డునూ ముఖాన్నీ మార్చి మార్చి చూసి, “లోకేశ్వరి మీరేనా?” అని ఇంగ్లీషులో అడిగింది.

“నేనే,” అంది ఆమె. కురుచికుప్పంలో నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఇక్కడ ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే వింతగా అనిపించింది.

దువార్తేకు కూడా రాసింది. తొమ్మిదేళ్లుగా రాస్తున్నది నేను, శరవణన్ నా భర్త, ఈసారి సంతకం నా పేరుతో ఉంటుంది అని. ఆయన జవాబులో మిస్టర్ అని పిలిచినందుకు మన్నించమని ఒక వాక్యం, పేజీలో పేరు ఏ రోజున మార్చమంటారని ఒక వాక్యం, ఆ వెంటనే మాక్ పొట్లంలో బొమ్మ కనపడడం లేదని మూడు వాక్యాలు వచ్చాయి. ఆ మూడు వాక్యాలే ఆమెకు ఎక్కువ నచ్చాయి. పేరు సంగతి ఇంట్లో చెప్పాక రాస్తానంది.

శుక్రవారం మధ్యాహ్నం సర్టిఫికెట్ వచ్చింది. సాయంత్రం శరవణన్ అద్దం ముందు చొక్కాలు మార్చి మార్చి చూసుకుంటుంటే గుమ్మంలో నిలబడి చెప్పింది.

“ఈ తూరి సంతకం నా పేరు మీద వచ్చింది. ఎక్కించేటప్పుడు తెర మీద నా పేరు కనబడతాది.”

“సరి సరి. ఇది బాగుండాదా, ఆ నీలంది ఏసుకోనా?”

“విన్నారా? సభలో అందరికీ కనబడతాది. ఒకసారి ఇప్పుడే ఎక్కించి చూసుకోండి.”

“విన్నాను లోకూ. నువ్వు కట్టింది ఏనాడన్నా ఊడిందా ఏంది?” అని నవ్వి, నీలం చొక్కా భుజం మీద పెట్టుకుని చూసుకున్నాడు.

 తొమ్మిదేళ్లకు మెచ్చుకోలు వచ్చింది, అదీ ఇవాళే రావాలా? వంటింట్లోకి వచ్చి ల్యాప్‌టాప్ ముందు నిలబడింది. కావాలంటే ఈ ఒక్కసారికి సంతకం లేకుండా పంపొచ్చు. అతని సభ అతనికి దక్కుతుంది, ఇంట్లో గొడవ ఉండదు. కాని విండోస్ తేన్మొళిని భయపెడుతుంది, పంపినవాళ్లెవరో తెలియదంటుంది. పంపినవాళ్లెవరో తెలుసు కదా! అలా వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరిగి తిరిగి, చివరికి అరచేతులు చీరకు తుడుచుకుని సంతకం పెట్టి పంపేసింది. అప్పటిదాకా ఆకలి వేయలేదన్న సంగతి, ఆకలి వేశాకే గుర్తొచ్చింది.

శనివారం కాలేజీ హాలు నిండిపోయింది. అత్తా కోడళ్లు చివరి వరసలో కూర్చున్నారు. అరుణాచలం శాలువా కప్పాడు, జనం చప్పట్లు కొట్టారు, అంబుజం కళ్లు తుడుచుకుంది. శరవణన్ ఉపన్యాసం తడబడకుండా చదివాడు. తర్వాత మౌసు పట్టుకుని, “ఇప్పుడు చూడండి” అని బాబిన్ మీద రెండుసార్లు నొక్కాడు.

వెనక గోడంత తెర మసకబారి, మధ్యలో ఒక పెట్టె తెరుచుకుంది. ఈ ప్రోగ్రాము మీ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి అనుమతిస్తారా అని ఇంగ్లీషులో అడిగింది. దాని కింద, పంపినవారు: లోకేశ్వరి లోకేశ్వరి. ఆ కింద రెండు గళ్లు, అవును, కాదు.

ముందు వరసల్లో నవ్వు మొదలైంది. “ఎవరప్పా ఈ లోకేశ్వరి? పేరు రెండు తూర్లుండాది?” అన్నాడు అరుణాచలం మైకులోనే. శరవణన్ మౌసు వదిలి తెర వైపు తిరిగాడు. నిన్న విన్నానన్న మాట ఇప్పుడు వినపడినట్టుంది అతనికి.

“ఏం రాసుండాది?” అంది అంబుజం. ఆమెకు ఇంగ్లీషు రాదు.

“నా పేరత్తా.”

“నీదా? వాడు చేసిండేదాని మీదనా?”

“నేను చేసిండేది అత్తా.”

అంబుజం కోడలి వైపు తిరిగి చూసింది. “ఆస్పత్రిలో ఒళ్లో పెట్టుకొని చేస్తివే, అదేనా?”

“అదే.”

అంబుజం తెర మీద ఆ అక్షరాలనే చూస్తూ కూర్చుంది.

వేదిక మీద శరవణన్ చూపు వరసలన్నీ దాటుకుని చివరి వరసకు వచ్చింది. ఇన్నేళ్లలో ఆ చూపుకు ఒకటే అర్థం. చప్పుడు చేయకుండా వచ్చి సరిచేసి పో అని. అలవాటు చొప్పున లోకేశ్వరి సగం లేచింది కూడా. లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మళ్లీ కూర్చుంది. నవ్వులు ఆగిపోయి హాలంతా ఆమె వైపు తిరిగింది.

“మీరే చూసుకోండి,” అంది.