రెండో గీత

పులికాట్ సరస్సు ఒడ్డున ఒక ఊరి అంగన్‌వాడీలో గర్భిణులకు రక్తపరీక్షలు జరుగుతున్నాయి. సిఫిలిస్‌ను పట్టే కొత్త స్ట్రిప్ వచ్చింది. దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చడానికి అందరి రక్తాన్నీ పాత పద్ధతిలో కూడా చూస్తున్నారు. స్ట్రిప్ అక్కడికక్కడే చెప్పేస్తుంది. పాత పరీక్షకు రక్తం పట్నం ల్యాబ్‌కు పోవాలి.

రోజా స్ట్రిప్ మీద రెండు గీతలు తేలాయి, అంటే జబ్బు ఉన్నట్టు.

"ఇది మాత్రమే చూసి కంగారు పడొద్దమ్మా, పట్నం ల్యాబ్ రిపోర్టు కూడా రానీ" అంది ల్యాబ్ టెక్నీషియన్ పుష్పకుమారి.

ఆ మాట రోజా చెవికెక్కలేదు. పెళ్ళైన కొత్తల్లో మొగుడు పెంచల్ చేపల లారీ మీద తిరుగుతూ ఇదే జబ్బు తెచ్చి ఆమెకు అంటించాడు. ముందు బొంకాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఇద్దరూ సూదులు వేయించుకుని బయటపడ్డారు. అప్పట్నుంచి అతను లారీ మానేసి సరస్సులోనే వల వేసుకుంటున్నాడు.

రోజా ఇంటికి రాగానే అతని బట్టలు వాకిట్లో పడేసింది.

"మళ్ళీ ఎవత్తె కాడికి పోయినావు?"

"నీ మీద ఒట్టు మే, యాడికీ పోలా."

"అప్పుడూ ఇట్నే ఒట్టేసినావు!"

ఇరుగుపొరుగు చూస్తుండగా అతను బట్టలేరుకుని అన్న ఇంటికి పోయాడు. కడుపులో బిడ్డకేమవుతుందోనని రోజాకు అన్నం సయించలేదు.

తర్వాతి వారం పుష్పకుమారి వచ్చి, ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుంది.

"ఈ జబ్బుకు ఇదివరకు సూదులేయించుకున్నావా?"

రోజా తలొంచుకుని జరిగిందంతా చెప్పింది.

"అదీ సంగతి! జబ్బు నయమైనా దాని ఆనవాలు రక్తంలో ఉండిపోతుంది. స్ట్రిప్ దాన్నే పట్టింది. పాత పరీక్ష ఇప్పుడున్న జబ్బునే పడుతుంది, అందులో నీకేమీ లేదు. కాన్పుకు ముందు ఇంకోసారి చూస్తాం. బిడ్డకేం భయంలేదు."

"మరి మా ఆయన?"

"అతని నుంచి నీకు కొత్తగా అంటినట్టయితే లేదు. సూదులేయించుకున్న వాళ్ళకు ఈ స్ట్రిప్ ఒక్కటే చాలదని పైవాళ్ళకు రాస్తా. స్ట్రిప్ పెట్టేముందే ఈ సంగతి అడగమని కూడా చెప్తా."

రోజాకు గుండె తేలికైంది, మొగుణ్ణి గెంటేసింది గుర్తొచ్చి వెంటనే బరువెక్కింది. నేరుగా రేవుకు పోయింది. పెంచల్ చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. విషయం చెప్పింది.

"నేను చెప్తే నమ్మలా. టెస్టు చెప్తే నమ్మినావు" అన్నాడతను తలెత్తకుండా.

"అప్పుడు నువ్వు బొంకకుండా ఉంటే నమ్మేదాన్నే మామా. అయినా నలుగురిలో నిన్ను బయటికి నెట్టడం తప్పే."

అతను కుట్టే సూదిని వలలో గుచ్చి తలెత్తాడు.

"తప్పు చేసిన రోజు నెట్టలా నువ్వు. ఆ రోజే నెట్టి ఉండాల్సింది."

రోజా కళ్ళు తుడుచుకుంది. "అన్నం వండుతా. వస్తావా?"

అతను వల చుట్టి భుజాన వేసుకున్నాడు.