చేపంటే పడని వైన్

పొద్దున్నే కొండ కింద తొలిచిన గుహలోకి దిగడం, ఓక్ చెక్క పీపాల్లో తను చేసిన వైన్ రుచి చూడడం, పైకొచ్చి కోళ్లకు గింజలు చల్లడం. కసీల్డాకి ముప్ఫై ఒక్క ఏళ్లు అలాగే గడిచాయి. ద్రాక్షతోట మాత్రం తండ్రి పోతూ పోతూ ఆమె తమ్ముడు ఎవుతీమియో పేర రాశాడు. సీసాల మీద కూడా వాడి పేరే.

ఆ వైన్‌కి తిక్క ఎక్కువ. లేతగా ఉన్నప్పుడు పుల్లటి చెర్రీలా నాలుకని గిల్లేది. మూడేళ్లు పీపాలో కూర్చున్నాక తోలు, పొగాకు వాసనలతో పెద్దమనిషిలా మెత్తబడేది. మాంసమంటే ప్రాణం. చొరిసో అనే పంది మాంసం సాసేజ్ ముక్కలేసిన బంగాళాదుంపల పులుసుకైనా సరేననేది. పక్కన చేప పెడితే మాత్రం గ్లాసు అంచెక్కి దిగి, బల్ల మీదుగా పాకి, సీసాలోకి దూరిపోయేది. రియోహా సీమలో ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. చేప తినే శుక్రవారాల్లో చర్చి ఫాదర్ కూడా గొణక్కుండా నీళ్లు తాగేవాడు.

ఆ మార్చిలో రేవు పట్నం బిల్బావో నుంచి లార్రినాగా అనే హోటళ్ల యజమాని భోజనానికి వస్తానని కబురు పెట్టాడు. నచ్చితే ఏటా వైన్ మొత్తం తనే కొంటాడట.

"బిల్బావో వాళ్లు చేపంటే పడి చస్తారు. చేప కాల్చు," అన్నాడు ఎవుతీమియో.

"వైన్ ఊరుకోదురా."

"వైన్ వైన్‌లా ఉండాలి, అక్క అక్కలా ఉండాలి. ఆయన సరేనంటే అమ్మ నాటిన ముసలి తీగలు పీకించేస్తా. గంపెడైనా కాయవు. నువ్వు భోజనాల దగ్గర నోరు మెదపకు."

చలికి వేళ్లు పగిలి నెత్తురోడుతుంటే ఆ తీగలు కత్తిరించింది కసీల్డా. వడగళ్లకి నేలరాలిన గుత్తుల్ని చూసి ఏడ్చింది తను. చేప పొట్ట ఒక్క వేటుకి చీల్చింది. తర్వాత పెరట్లోకి పోయి, ద్రాక్ష పుల్లలు పేర్చి నిప్పంటించి, గొర్రెపిల్ల పక్కటెముకలు కూడా సిద్ధం చేసింది.

లార్రినాగా వచ్చి కూర్చున్నాక, చేప బల్ల మీదికి రాగానే వైన్ సీసాలోకి దూరిపోయి రెండు గ్లాసులూ ఖాళీ అయ్యాయి.

లార్రినాగా నవ్వాడు. "మా అమ్మమ్మ ఇంట్లో వైన్‌కి పీతలంటే పడేది కాదు. చేప తీసేయండమ్మా."

కసీల్డా మాంసం తెచ్చి మళ్లీ పోసింది. ఈసారి వైన్ కదల్లేదు. లార్రినాగా ఒక ముక్క కొరికి, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకున్నాడు. "ఈ కొవ్వుకీ ఆ వగరుకీ భలే కుదిరిందే! ఈ వైన్ ఎవరండీ చేసింది?"

"నేనే," అన్నాడు ఎవుతీమియో. "మా అక్క వంటింటి మనిషి."

వాడి గ్లాసులో వైన్ లేచింది. అంచు దాటి, రొట్టె ముక్కల మధ్య నుంచి పాకుతూ వెళ్లి, బల్ల చివర కసీల్డా బిగించిన పిడికిలి చుట్టూ చేరి నిలబడింది. ఒక్క చుక్క కింద పడలేదు.

లార్రినాగా కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "ఎన్నేళ్లుగా చేస్తున్నారమ్మా?"

"ముప్ఫై ఒక్క ఏళ్లు! ఒక్కడంటే ఒక్కడు అడిగాడా ఇన్నాళ్లూ?" అంది కసీల్డా.

"అయితే నా ఒప్పందం మీతోనే. సీసా మీద మీ పేరే ఉండాలి."

"తోట నాది!" అని అరిచాడు ఎవుతీమియో.

"నీదేరా. ద్రాక్ష కోసుకో, తొక్కుకో. వైన్ నీ పీపాలో నిలుస్తుందేమో చూసుకో," అంది కసీల్డా.

వాడు సీసా లాక్కుని తలకిందులుగా వంచాడు. ఒక్క చుక్క రాలేదు. గట్టిగా విదిలించినా రాలేదు. సీసా బల్ల మీద పెట్టేసి, "ఏం కావాలి నీకు?" అన్నాడు.

"అమ్మ తీగల మీద చెయ్యి పడకూడదు. నేను బతికున్నన్నాళ్లూ తోట నాకు కౌలుకి రాయి. రేపే నోటరీ దగ్గరికి పోదాం."

వాడు సరేనన్నట్టు తలూపాడు. అయినా ఆమె కోపం దిగలేదు. నడుముకున్న ఏప్రాన్ విప్పి వాడి భుజాన పడేసింది.

"పెరట్లో రెండో వాయి మాంసం మాడుతోంది. పోయి తిప్పు."

వాడు లేచాడు. వాడి కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది కసీల్డా.

"తినండి," అంది లార్రినాగాతో, ఇంకా రుసరుసలాడుతూనే. "చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది."