రామ్‌కలీ సొంత ఓటు

రెండువేల నాలుగు, మే నెల. నగరం చుట్టూ ఉన్న పల్లెలన్నీ కలిసిన పాత ఔటర్ ఢిల్లీ పార్లమెంటు నియోజకవర్గంలో ఒక ఊరి బడి. ఉదయం ఎనిమిది గంటలకే ఓటర్ల పొడవాటి వరుస. అందులో సగం మంది ముసుగు వేసుకున్న ఆడవాళ్లు. చూసినవారెవరైనా ప్రజాస్వామ్యం పచ్చగా ఉందనుకుంటారు.

ఢిల్లీలోని ఆర్.కె. పురం క్వార్టర్స్ నుంచి ఎన్నికల డ్యూటీకి వచ్చిన తెలుగావిడ లలితకుమారి జాబితా చూసి "రామ్‌కలీ" అని పిలిచింది. డెబ్బై దాటిన ఒక అవ్వ, ఆమె వెనకే కొడుకు ముందుకు వచ్చారు.

"అమ్మకు చూపు లేదు మేడమ్. బటన్ నేను నొక్కుతాను," అన్నాడు కొడుకు.

చూపు లేనివారికి తోడు రావచ్చు. కాని అవ్వ తడుముకోకుండా గడప దాటడం లలితకుమారి గమనించింది. "నిజమేనా అమ్మా? కళ్లు కనపడవా?" అని హిందీలో అడిగింది.

అవ్వ ముసుగు కొంచెం పైకి జరిపింది. "సూదిలో దారం నేనే ఎక్కించుకుంటాను బిడ్డా. ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. మొదట్లో మా మామ చూపించినచోట ముద్ర వేశాను. తర్వాత మా ఆయన. ఇప్పుడు వీడు."

కొడుకు ముఖం ఎర్రబడింది. బయట నలుగురైదుగురు మగవాళ్లు తలుపు దగ్గరికి వచ్చారు.

ప్రిసైడింగ్ అధికారి భీమేశ్వరరావు కూడా తెలుగువాడే. "వదిలేయండమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇక్కడ ఎప్పట్నుంచో ఇంతే. ఊరంతా మీద పడితే ఏం చేస్తాం?"

"ఆవిడ కనపడుతుందనే అంటోంది కదండీ. తెలిసి కూడా తోడు పంపితే తప్పు మనదే."

ఆయన పెన్ను కింద పెట్టాడు. తర్వాత లేచి, కొడుకును తలుపు దాకా తీసుకెళ్లి, "భయ్యా, ఆప్ బాహర్ రుకియే," మీరు బయట ఉండండి, అన్నాడు. కొడుకు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

రామ్‌కలీ అట్ట తెర వెనక చాలాసేపు నిలబడింది. చివరికి యంత్రం మోగింది. ఆమె తర్వాత వచ్చిన కోడలు, "నేనూ ఒక్కదాన్నే వెళ్తాను దీదీ," అంది. ఆమెను చూసి మరికొందరు.

సాయంత్రం బస్సులో లలితకుమారికి ఆ ఊరిమీద జాలి కలగలేదు, తనమీద సిగ్గు కలిగింది. డ్యూటీలో ఉన్నవారు ముందే ఓటు వేసి పంపే పోస్టల్ బ్యాలెట్ వారం కిందట తనకూ వచ్చింది; అందులో గుర్తు పెట్టింది భర్త సత్యనారాయణ. డిగ్రీ చదివి, కేంద్ర ప్రభుత్వ కొలువు చేస్తున్న తాను సంతకం మాత్రం చేసింది.

ఆ తర్వాత నియోజకవర్గాల హద్దులు మార్చారు. ఔటర్ ఢిల్లీ పేరు పటంలోంచి పోయింది. దాని చరిత్ర రాసేవారు గెలిచినవారి పేర్లూ మెజారిటీలూ రాస్తారు. ఆ బడిలో జరిగింది ఎవరూ రాయరు.

రెండువేల తొమ్మిదిలో మళ్లీ పోస్టల్ బ్యాలెట్ వచ్చింది.

"ఇలా ఇవ్వు, గుర్తు పెట్టేస్తాను," అన్నాడు సత్యనారాయణ.

"నేనే పెట్టేశానండీ. కవరు కూడా అంటించాను."

"అచ్ఛా. ఎవరికి?"

"అది అడగకూడదండీ."

ఆయన ఆమె వంక చూసి, నెమ్మదిగా నవ్వి, చదువుకోవడానికి దినపత్రిక తీసుకున్నాడు.

నియోజకవర్గాల హద్దులు చెరిపి మళ్లీ గీయవచ్చు. కాని తన ఓటు తానే వేసుకోవడం తెలిసిన ఆడదాన్ని మళ్లీ ఇంకొకరి వెనక నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.